ఓరుగల్లులో ప్రజాగరం

రాత్రి రెండు దాటిన తరువాత హనుమకొండలో మేలుకొని ఉన్నవారికి కాజీపేట జంక్షను వైపు నుంచి రైలు కూతలు స్పష్టంగా వినిపిస్తాయి. పగలూ ఆ రైళ్ళు అలాగే కూస్తాయి గాని ఊరి సందడిలో మన చెవిన పడవు. ఏ బండి ఏ వేళకు వస్తుందో, ఏది ఆగుతుందో, ఏది ఆగకుండా సాగిపోతుందో నాకు కంఠతా వచ్చిన రోజులున్నాయి. అది రైళ్ళమీద మక్కువతో నేర్చుకున్న విద్య కాదు. నిద్ర పట్టక నేర్చుకున్నది.

నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర పాఠాలు చెప్పుకొని బతికే ఉపాధ్యాయుణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా బైపోలార్ అనే మనోవ్యాధితో కాపురం చేస్తున్నాను. ఈ వ్యాధిలో మనసు కొన్ని నెలలు అడుగంటిపోతుంది, కొన్నాళ్ళు ఆకాశానికెక్కుతుంది. రెండు దశలలోనూ మొదట చెడేది నిద్రే. అయితే ఆ చెడటంలో తేడా ఉంది. కుంగుబాటులో నిద్ర కావాలి, రాదు. వచ్చినా తెల్లవారుజామున మూడింటికే విడిచిపోతుంది, మళ్ళీ దరిచేరదు. ఉద్రేకదశలో నిద్ర రాదు, రావాలనీ అనిపించదు. రెండు గంటలు పడుకొని లేచినవాడు రాత్రంతా పడుకున్నవాడికన్న హుషారుగా తిరుగుతాడు. మొదటిదాన్ని రోగి తానే చెప్పుకుంటాడు. రెండవదాన్ని ఇంట్లోవాళ్ళు కనిపెట్టాలి. ఈ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలియక ముందే మా ఇంట్లో ఒక ప్రాణం పోయింది.

మేలుకొని ఉన్న రాత్రులలో నాకొక ప్రశ్న పుట్టింది. నాకన్న ముందు ఈ ఓరుగల్లులో నిద్ర పట్టనివారు ఏం చేశారు? ఎవరి దగ్గరకు వెళ్ళారు? ఆ బాధకు ఏ పేరు పెట్టుకున్నారు? కోటలకూ యుద్ధాలకూ చరిత్ర ఉన్నట్టే రాత్రులకూ ఒక చరిత్ర ఉండాలి కదా. ఆ వెతుకులాటలో దొరికినవాటిని ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

*

మన సాహిత్యంలో నిద్రలేమికి పెద్దపీట వేసింది మహాభారతం. ఉద్యోగపర్వంలో ప్రజాగరపర్వమని ఒక ఉపపర్వమే ఉంది. ప్రజాగరమంటే నిద్ర పట్టకపోవడం. పాండవుల వద్దనుంచి తిరిగివచ్చిన సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి మందలించి, ధర్మరాజు చెప్పి పంపిన మాటలు రేపు సభలో చెబుతానని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ముసలిరాజుకు కంటిమీద కునుకు లేదు. ఒళ్ళు కాలిపోతున్నదని విదురుణ్ణి పిలిపించుకున్నాడు. విదురనీతి అని మనం పిల్లలచేత చదివించేదంతా నిజానికి నిద్రపట్టని ఒక మనిషి పక్కన మరొక మనిషి కూర్చుని చెప్పిన మాటలే. విదురుని తరువాత సనత్సుజాతుడు వచ్చాడు. అలా మాటలలోనే తెల్లవారింది.

విదురుడు మొదట చేసిన పని కారణం అడగడం. నిద్ర పట్టనిది ఎవరికి? బలవంతుడు పైబడిన బలహీనుడికి, సాధనసంపత్తి లేనివాడికి, సొత్తు పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకు. వీటిలో ఏదీ నిన్ను పట్టలేదు కదా, పరుల సొమ్ముకు ఆశపడి కుమిలిపోవడం లేదు కదా అని మెత్తగా అడుగుతాడు. వైద్యుడు రోగిని ప్రశ్నించినట్టే ఉంటుంది ఆ ఘట్టం.

ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసిన తిక్కనకూ మా ఊరికీ ఒక సంబంధం ఉంది. దాయాదులు నెల్లూరు రాజ్యాన్ని లాగుకున్నప్పుడు మనుమసిద్ధి పక్షాన తిక్కన ఓరుగల్లు వచ్చి కాకతీయ గణపతిదేవుణ్ణి సహాయమడిగాడని సిద్ధేశ్వరచరిత్ర చెబుతుంది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలినవాడు. సైన్యంతో వెళ్ళి మనుమసిద్ధిని తిరిగి గద్దెనెక్కించాడు. సొత్తు పోగొట్టుకున్న రాజు, అతని కోసం పరాయి సభలో నిలబడి అడిగిన మంత్రి. విదురుని జాబితాలోని మాట తిక్కనకు పుస్తకంలో చదివింది మాత్రమే కాదు, కళ్ళారా చూసింది కూడా అని నాకనిపిస్తుంది.

ఆ జాబితాను నా రాత్రులకు అన్వయించి చూసుకున్నాను. నామీద ఎవరూ దండెత్తలేదు. ఉద్యోగం ఉంది. అప్పుల బాధ లేదు. దొంగతనం చేయలేదు. అయినా నిద్ర లేదు. ఆ జాబితాలో నేను లేను. కారణం వెతికి, కారణం దొరకక, దొరకనందుకు నన్ను నేనే నిందించుకున్న రాత్రులు లెక్కలేనన్ని. విదురుడు చెప్పినవన్నీ బయటి కారణాలు. నాది ఆ పట్టికకు ఎక్కని ప్రజాగరం.

*

ఆ పట్టికకు ఎక్కనిది మరొక పట్టికలో దొరికింది. చరకసంహిత సూత్రస్థానంలో ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటినీ శరీరాన్ని నిలిపే ఉపస్తంభాలని చెప్పారు. అదే స్థానం 20వ అధ్యాయంలో 80 వాతవికారాల పట్టిక ఉంది. గోళ్ళ పగుళ్ళతో మొదలై తలదాకా ఎక్కే ఆ పట్టిక చివరకొచ్చేసరికి విషాదం, అతిప్రలాపం, అస్వప్నం, అనవస్థితచిత్తత్వం అనే మాటలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. దిగులు, మితిమీరిన మాట, నిద్రలేమి, నిలకడలేని మనసు. మొదటిసారి ఆ వరుస చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. నా వ్యాధి రెండు ముఖాలూ ఆ నాలుగు మాటలలో ఉన్నాయి. నేడు మనం చెప్పే వ్యాధినే చరకుడు చెప్పాడని నేననను. ఆనాటి వాతసిద్ధాంతం వేరు, ఈనాటి శాస్త్రం వేరు. కాని నిద్ర చెడటమూ మనసు చెడటమూ ఒకే చోట సంభవిస్తాయని గమనించిన కన్ను అక్కడ ఉంది.

చికిత్సగా చెప్పినవి కూడా వింతవేమీ కావు. ఒంటికీ తలకూ నూనె పట్టించడం, స్నానం, పెరుగన్నం, పాలు, నెయ్యి, మనసుకు ఇష్టమైన వాసనలు, చెవికి ఇంపైన శబ్దాలు, ఒళ్ళు పిసకడం. నిద్ర రానివారికి బర్రెపాలు మేలని ప్రత్యేకంగా చెప్పారు. మా అమ్మమ్మ చరకుని పేరైనా వినలేదు. కాని రాత్రి నేను దొర్లుతుంటే, “ఏం బిడ్డా, ఇంక పండుకోలేదా?” అని లేచి, బర్రెపాలు వేడిచేసి ఇచ్చి, అరికాళ్ళకు ఆముదం రాసేది.

1948 దాకా వరంగల్ నిజాం రాజ్యంలో సుబా కేంద్రం. ఆ రాజ్యంలో యునానీ వైద్యానికి ప్రభుత్వాదరణ ఉండేది. హకీములు నిద్రలేమిని సహర్ అనీ, దిగులు వ్యాధిని మాలిఖోలియా అనీ పిలిచేవారు. మెదడుకు పొడితనం సోకడంవల్ల నిద్ర పోతుందని వారి సిద్ధాంతం. అందుకే తడినిచ్చే చికిత్స: కాహూ గింజల నూనె, బనఫ్షా పూల నూనె తలకు పట్టించడం, గసగసాలు నూరి పాలలో కలిపి ఇవ్వడం. వైద్యుల గ్రంథం సంస్కృతం, హకీముల గ్రంథం అరబ్బీ, పారశీకం. రోగి తలమీద మాత్రం రెండు సంప్రదాయాలూ నూనెనే పోశాయి.

నిద్రను గురించి అసలు లోతైన మాట చెప్పింది మాత్రం మన ఆడవాళ్ళ పాటలని నా నమ్మకం. ఊర్మిళాదేవి నిద్ర అనే పాట తెలుగునాట తరతరాలుగా ఉంది. అడవిలో లక్ష్మణుడు పదునాలుగేళ్ళు మేలుకొని ఉంటే ఇక్కడ ఊర్మిళ పదునాలుగేళ్ళు నిద్రపోయింది. లక్ష్మణదేవర నవ్వు అనే మరొక పాటలో, పట్టాభిషేకమైన తరువాత నిండుసభలో నిద్రాదేవి వచ్చి బాకీ అడుగుతుంది, లక్ష్మణునికి నవ్వొస్తుంది, సభలోని ప్రతివారూ తమను చూసే నవ్వాడని కలవరపడతారు. నిద్ర అప్పు అనీ, ఒకరు తీర్చకపోతే మరొకరు తీర్చవలసిందేననీ, తీర్చనిది వేళకాని వేళ వచ్చి నిలదీస్తుందనీ ఆ పాటలు కట్టినవారికి తెలుసు. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త నిద్రకు రెండు పగ్గాలున్నాయని ప్రతిపాదించాడు. మేలుకొన్నకొద్దీ పేరుకుపోయే నిద్రభారం ఒకటి, పగలురాత్రులను అనుసరించే శరీర గడియారం రెండవది. మొదటిదాని పేరు మా అమ్మమ్మ భాషలో బాకీ.

*

రాత్రిని రాత్రిగా ఉండనివ్వని మొదటి పెద్ద మార్పు మా ఊళ్ళో 1934లో వచ్చింది. ఆ ఏడు నిజాం ప్రభుత్వం ఆజంజాహి మిల్లును నెలకొల్పింది. మా తాత అందులో పనిచేశాడు. వారం వారం మారే షిఫ్టులు. పగలు పండుకొని రాత్రి మగ్గం దగ్గర నిలబడటం, మరుసటి వారం దానికి తలకిందులు. ఏడాదికోసారి తాత “ఉషారయ్యేవాడట”. నిద్ర మానేసి, ఇరుగుపొరుగుకు వాగ్దానాలు చేసి, జీతమంతా పంచిపెట్టి, ఆ తరువాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకొనేవాడట. ఇంట్లో దానికి గాలి సోకిందన్నారు. మిల్లు మిత్రులు రాత్రి డ్యూటీల తాపమన్నారు. రెండవమాట పూర్తిగా తప్పు కాదని ఇప్పుడు తెలుస్తున్నది. వేళలు తప్పిన నిద్ర ఇటువంటి మనసులను సులభంగా దారి తప్పిస్తుంది. ఆ మిల్లు మూతపడింది. కాజీపేటలో రైళ్ళు నడిపే కుటుంబాలకు మాత్రం రాత్రి డ్యూటీలు ఈనాటికీ తప్పలేదు.

రెండవ మార్పు పల్లెలకు వచ్చింది. బావులు ఎండి బోర్లు దిగిన తరువాత పైరు కరెంటుకు కట్టుబడిపోయింది. ఆ కరెంటు పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు విడతలుగా ఇచ్చేవారు. అర్ధరాత్రి స్టార్టరు దగ్గరకు పోయి మోటరు వేయడం, పాములకూ షాకులకూ వెరవకుండా చేను పారించడం ఒక తరం రైతుల జీవితం. 1 జనవరి 2018 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యేదాకా రాత్రి కరెంటు అన్న మాట ప్రతి ఊళ్ళో నలిగింది.

మా చిన్నబాపు పత్తి రైతు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిచేలను పొగాకు లద్దెపురుగు తినేసిన సంగతి, నకిలీ మందులు, దుకాణాలలో అప్పులు, వందల రైతుల బలవన్మరణాలు దేశమంతా చదివింది. ఆ మృతులలో చిన్నబాపు ఒకడు. ఆ శీతాకాలం ఆయన నెలరోజులకు పైగా సరిగా నిద్రపోలేదు. మేమందరం చూశాం. కరెంటు కోసం మేలుకొంటున్నాడనుకున్నాం. కరెంటు లేని రాత్రులలోనూ గట్టుమీద కూర్చునేవాడని తరువాత తెలిసింది. తెల్లవారుజామున మూడింటికి లేచి ఇంట్లో పచార్లు చేసేవాడని చిన్నమ్మ చెప్పింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. అప్పు ఉన్న మనిషి అలాగే ఉంటాడనుకున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ మరణాలకు మూలం అప్పు, పురుగు, నకిలీ మందు, ఆదుకోని వ్యవస్థ. దాన్ని మనోవ్యాధి అనే పేరుతో కప్పిపుచ్చడం అన్యాయం. కాని విదురుని జాబితాలో సొత్తు పోగొట్టుకున్నవాడు ఉన్నాడు. బయటి కారణం ఉన్నంతమాత్రాన లోపలి వ్యాధి లేదని కాదు. ఒకటి రెండవదానికి తలుపు తీస్తుంది. మాకు కారణం కనిపించింది, అందుకే వ్యాధి కనిపించలేదు. నాకు కారణమే కనిపించలేదు, అందుకే వ్యాధి బయటపడింది. తాత, చిన్నబాపు, నేను. ఈ వ్యాధి కుటుంబాలలో పారంపర్యంగా దిగివచ్చే అవకాశం హెచ్చని వైద్యులు చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఆ రెండు ముఖాలే.

*

2003 శివరాత్రి నాడు నేను లోతైన కుంగుబాటులో ఉన్నాను. ఇంట్లోవాళ్ళు బలవంతాన వేయిస్తంభాల గుడికి తీసుకుపోయారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో రాత్రంతా జాగారం. తెల్లవారేసరికి నా గుండెమీది రాయి ఎవరో తీసివేసినట్టయింది. ఆరునెలల తరువాత మొదటిసారి ఆకలేసింది. శివుడు కనికరించాడని అమ్మ ఏడ్చింది. ఆ రాత్రీ నిద్ర రాలేదు, అవసరమనిపించలేదు. మరుసటి రాత్రీ అంతే. పదిరోజులలో నేను కాకతీయుల సమగ్రచరిత్ర పన్నెండు సంపుటాలుగా రాస్తానని ప్రకటించి, ముద్రణకోసం ఇంటి కాగితాలు తాకట్టు పెట్టబోయాను. అప్పటికి గాని ఇంట్లోవాళ్ళు నన్ను వైద్యుని దగ్గరకు తీసుకుపోలేదు.

ఆ ఒక్క రాత్రిలో జరిగినదానికి శాస్త్రంలో చరిత్ర ఉందని తరువాత చదివాను. 1971లో జర్మనీలో ఫ్లూగ్, ట్యోలె అనే వైద్యులు కుంగుబాటు రోగులను ఒక రాత్రంతా మేలుకొలిపి ఉంచితే మరునాటికి చాలామందిలో దిగులు తగ్గడం గమనించారు. ఆ తరువాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సగానికి పైగా రోగులలో ఈ ఫలితం కనిపించింది. కాని తరువాతి నిద్రతో చాలామందికి దిగులు తిరిగివస్తుంది. బైపోలార్ ఉన్నవారిలో అదే మేలుకోవడం ఉద్రేకదశకు నిచ్చెన కావచ్చు. 1987లో అమెరికాలో వేర్, సాక్, రోజెంతాల్ అనే ముగ్గురు, ఉద్రేకదశకు దారితీసే రకరకాల కారణాలన్నీ చివరకు నిద్ర తగ్గడమనే ఒకే తోవన నడుస్తాయని ప్రతిపాదించారు. ప్రయాణం, పురుడు, చావు, పెళ్ళి, పరీక్షలు: ఏదైనా మొదట కొల్లగొట్టేది నిద్రనే.

అంతవరకూ నిద్రలేమిని మనోవ్యాధికి తోకగా చూసేవారు. 1989లో ఫోర్డ్, కామెరో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు 8,000 మందిని ఏడాది వ్యవధిలో రెండుసార్లు ప్రశ్నించారు. నిద్రలేమి ఉన్నవారిలో 40 శాతం మందికి ఏదో ఒక మనోవ్యాధి ఉంది. లేనివారిలో 16 శాతం మందికే. రెండుసార్లూ నిద్రలేమి చెప్పినవారికి కొత్తగా కుంగుబాటు వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు. అంటే నిద్ర చెడటం చాలాసార్లు ముందు వచ్చే గంట. ఆ లెక్క చదివినప్పుడు చిన్నబాపు గట్టుమీద కూర్చున్న రాత్రులు నాకు మరొకసారి కళ్ళముందు నిలిచాయి. అది 1989. ఆయన పోయింది తొమ్మిదేళ్ళ తరువాత.

*

మందుల కథలో మన దేశానికి గొప్ప వాటా ఉంది. బీహారు ప్రాంతంలో పిచ్చికి మందుగా వాడిన సర్పగంధి వేరును కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ పరీక్షించి 1931లో వ్యాసం ప్రకటించారు. అది నిద్రనిస్తుంది, ఉద్రేకాన్ని దించుతుంది, రక్తపోటునూ తగ్గిస్తుంది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్యాసంతో అది ప్రపంచం దృష్టికి వచ్చింది. 1952లో స్విట్జర్లాండులో దాని సారమైన రిసర్పిన్‌ను విడదీశారు. కాని రక్తపోటుకు ఆ మందు వాడినవారిలో కొందరు లోతైన దిగులులో పడటం వైద్యులు గమనించారు. ఆ గమనింపే మెదడులోని రసాయనాలకూ దిగులుకూ సంబంధమేమిటన్న పరిశోధనకు ఒక ఊతమయింది. నిద్రపుచ్చే మందు మనసును కుదుటపరచే మందు కానక్కరలేదని ఆ వేరు నేర్పిన పాఠం.

ఆ పాఠం మనం సరిగా నేర్వలేదు. తెలంగాణలో నిద్రమందుల చరిత్ర మందుల దుకాణంలో కన్న కల్లు దుకాణంలో ఎక్కువ సాగింది. 1832లో జర్మనీలో తయారై 1869 నుంచి నిద్రమందుగా ప్రపంచమంతా వాడిన క్లోరల్ హైడ్రేటు, వైద్యులు దాన్ని వదిలేసిన తరువాత మన కల్తీ కల్లులో తేలింది. దానికి తోడు డయాజిపాం, ఆల్ప్రజోలం. ఎందరో కూలీలు తాగింది చెట్టు కల్లు కాదు, కుండలో కరిగిన నిద్రగోలి. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరం కాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు, హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి నిండిపోయాయి. మత్తు అందక ఫిట్సు, వణుకు, అసంబద్ధ ప్రలాపం, రాత్రుల తరబడి నిద్రలేమి. ఈ మందులను హఠాత్తుగా మానకూడదనీ, వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలనీ ఒక రాష్ట్రం ఆ రకంగా తెలుసుకున్నది.

ఎర్రగడ్డ అన్న మాటే మా వైపు ఒక తిట్టు. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన పిచ్చాసుపత్రి 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. 1912 నాటి చట్టం రోగిని ప్రమాదకారిగా చూసింది. ఆసుపత్రి జైలును పోలింది. మా తాతను ఎవరూ వైద్యుని దగ్గరకు తీసుకుపోకపోవడానికి కారణం పేదరికం కన్న ఆ భయమే. 1959లో కాకతీయ వైద్యకళాశాల వచ్చింది. దానికి అనుబంధమైన ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్యవిభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకొని జ్వరం రోగి పక్కనే కూర్చోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టం ప్రాణం తీసుకోబోయినవాణ్ణి నేరస్థుడిగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమన్నది. చిన్నబాపు కాలానికి ఆ చూపు లేదు.

నాకు పట్టిన మందు లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉద్రేకదశలో ఉన్న పదిమందికి ఆ లవణాన్ని ఇచ్చి ఫలితం ప్రకటించాడు. అది నిద్రమాత్ర కాదు. వేసుకున్న రాత్రే నిద్ర రాలేదని నేను మొదట్లో మానేశాను, దాని ఫలితమూ అనుభవించాను. రక్తంలో దాని మోతాదును పరీక్షిస్తూ, మూత్రపిండాలనూ థైరాయిడునూ కనిపెడుతూ వాడవలసిన మందు. నెలలు గడిచాక మనసు కుదుటపడింది. నిద్ర దాని వెంట వచ్చింది.

*

చివరగా, నేను రోజూ ఆచరించేవి చెబుతాను. ఇవి నావి, మీ వైద్యుని మాటకు ప్రత్యామ్నాయం కావు.

పడుకొనే వేళ నా చేతిలో లేదు, లేచే వేళ ఉంది. ఎంత చెడ్డ రాత్రి అయినా అయిదున్నరకు లేచి భద్రకాళి చెరువు కట్టమీద వెలుగులో నడుస్తాను. పక్కలో మేలుకొని దొర్లను. లేచి కుర్చీలో కూర్చొని, కునుకు వచ్చినప్పుడే తిరిగి పక్క చేరతాను. 1972లో బూట్జిన్ చెప్పిన పద్ధతి ఇది. ఇటువంటి పద్ధతులను కలిపిన మాటల చికిత్సనే దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్న ముందు ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం సూచించింది. అందులో నిద్రవేళను బాగా కుదించే భాగం కూడా ఒకటి ఉంది. అది బైపోలార్ ఉన్నవారిలో ఉద్రేకాన్ని రేపగలదు కనుక వైద్యుడు వద్దన్నాడు, మానుకున్నాను. భోజనం, నడక, మనుషులను కలవడం రోజూ ఒకే వేళకు జరగడం ఈ వ్యాధికి మేలని 2005లో ఎలెన్ ఫ్రాంక్ బృందం చేసిన రెండేళ్ళ అధ్యయనం చూపింది. దీపం పెట్టే వేళ తప్పకూడదని అమ్మమ్మ ఎందుకనేదో నాకు తెలియదు, కాని ఆ నియమం నా మందులలో ఒకటి.

ఒక నోటుబుక్కు ఉంది. అందులో నిద్రపోయిన గంటలు రాస్తాను. వరుసగా మూడు రాత్రులు అయిదు గంటలకు తగ్గితే, నేను ఎంత హుషారుగా ఉన్నా, నా భార్య వైద్యునికి ఫోను చేస్తుంది. ఆ అధికారం బాగున్న రోజుల్లోనే ఆమెకు ఇచ్చాను. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా జీవితాన్ని గురించి ఏ నిర్ణయమూ తీసుకోను. ఆ వేళ నా మనసు చెప్పే తీర్పులు పగటి కోర్టులో ఒక్కటీ నిలవలేదు. శివరాత్రికి గుడికి వెళ్తాను, పదింటికి ఇల్లు చేరతాను. లింగోద్భవకాలానికి అమ్మ నా పేర కూడా మేలుకొంటుంది. ఊర్మిళ కథ తలకిందులైంది, అంతే.

విదురుడు ఆ రాత్రి ధృతరాష్ట్రుణ్ణి నిద్రపుచ్చలేకపోయాడు. రాజు మనసూ మారలేదు, యుద్ధమూ ఆగలేదు. కాని పిలవగానే వచ్చాడు, ఎందుకని అడిగాడు, తెల్లవారేదాకా ఆ ముసలివాణ్ణి ఒంటరిగా వదలలేదు. గట్టుమీద కూర్చున్న చిన్నబాపు దగ్గరకు మాలో ఒక్కరమూ వెళ్ళలేదు.

మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్ళు మేలుకొని ఉంటే, ఎన్నాళ్ళనుంచి అని ఒకసారి అడగండి. రెండు వారాలు దాటిందంటే వైద్యుని దగ్గరకు వెంట వెళ్ళండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు రాత్రి ఏ వేళకు చేసినా తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. వారు ఎత్తేలోగా మీరు పక్కన కూర్చోండి.